భోజనపు పంక్తిలో పరస్పర గౌరవము

(మల్లాపూర్ సంఘ కుటుంబ కూడికలో విందు కమిటీ పక్షమున చేసిన ప్రసంగము)



శతవార్షికోత్సవపు విందును గూర్చి రెండు మాటలు చెప్పుమని మా కమిటీని అడిగినారు. బియ్యము ఎన్ని బస్తాలు, మాంసము ఎన్ని కిలోలు, గ్యాసు బండలు ఎన్ని అని లెక్క చదువుతామని మీలో కొందరు అనుకొని ఉండవచ్చును. ఆ లెక్క కోశాధికారిగారి వద్ద ఉన్నది, మా కంటె ఆయనే దానిని బాగుగా చదువుతారు. మేము ఒప్పజెప్పవలసిన లెక్క వేరొకటి ఉన్నది. అది పోయిన సంవత్సరము కోత పండుగ నాటి బాకీ.

ఆ దినమున బగారా అన్నము, మటన్ కూర, కోడి కూర చేయించినాము. మాంసము తిననివారు పది పన్నెండు మంది ఉంటారని ఒక గిన్నెలో సాంబారు పెట్టించినాము. అంతవరకు బాగుగనే ఉన్నది. వడ్డన మొదలయ్యే వేళకు గరిటెలు చాలలేదు. కోడి కూరలో ముంచిన గరిటెనే సాంబారు గిన్నెలో ముంచినాము. మన సంఘములోని ఒక సహోదరి అది చూచినది. ఆమె పుట్టిన ఇంట తరతరములుగా నీసు ముట్టరు. విశ్వాసములోనికి వచ్చి పది సంవత్సరములకు పైబడినది, అయినను ఆమె నాలుక, ఆమె కడుపు మాంసమునకు అలవాటు పడలేదు. వేరే గరిటె ఉన్నదా అని మెల్లగా అడిగినది. మాలో ఒకరము నవ్వుతూ, "ఇంకా ఆ పాత పట్టింపులేనా చెల్లెమ్మా? ఒక ముక్క తింటే గాని పూర్తి విశ్వాసివి కావు" అన్నాము. చుట్టూ ఉన్నవారు నవ్వినారు. ఆమె కూడా నవ్వినది. ఉత్త అన్నము నాలుగు మెతుకులు తిని, మంచినీళ్లు త్రాగి, పిల్లలను తీసుకొని వెళ్లిపోయినది.

అదే దినమున, అరగంట తేడాలో, రెండవది జరిగినది. మనలో పెద్దవాడైన ఒక తండ్రి తన ఈడు స్నేహితుల కొరకు ఇంటి నుండి స్టీలు టిఫినులో కూర తెచ్చినాడు. ఆయన భార్య ఎండబెట్టిన తునకలతో వండిన కూర. మూత తీయగానే వాసన వచ్చినది. బయటి అతిథులు కొందరు వచ్చి ఉన్నారని మాకు భయము. మాలో ఒకరము ఆ టిఫిను మీద వార్తాపత్రిక కప్పి, తీసుకొని పోయి గ్యాసు బండ వెనుక పెట్టినాము. ఆయన ఏమియు అనలేదు. కొంతసేపటికి టిఫిను వెదకుకొని, మూత బిగించుకొని, అట్లే ఇంటికి తీసుకొనిపోయినాడు. తరువాత మూడు ఆదివారములు ఆయన గుడికి రాలేదు.

నాలుగవ వారము మేము ఆయన ఇంటికి పోయినాము. మంచము వాల్చి కూర్చుండబెట్టినాడు, చాయ్ ఇప్పించినాడు. మేము ఏదో సంజాయిషీ మొదలుపెట్టగా అడ్డము వచ్చి ఇట్లన్నాడు: "మా అవ్వ గా కూర పెట్టే మమ్ముల సాదింది బిడ్డా. ఈ గుడికి పునాది తీసిన నాడు నేను రాళ్లు మోసిన. పగటాల్ల అందరం గా కూరే తిన్నం. ఆ నాడు గిన్నె మీద ఎవ్వలు కాయితం కప్పలే." మాకు మారు మాట రాలేదు.

ఒకే దినమున, ఒకే చేతులతో, ఒకరిని తినలేదని, మరియొకరిని తిన్నారని అవమానించినాము. ఆ రెండు పనులును వేరువేరు అని మేము చాలా దినములు అనుకొన్నాము. ఇప్పుడు అట్లనుకొనుట లేదు.

ప్రియులారా, మల్లాపూర్ ఎటువంటి స్థలమో మీరెరుగుదురు. ఇది ఒక ఊరివారు కట్టుకొన్న ఊరు కాదు, పని వెదకుకొనుచు వచ్చినవారి ఊరు. ఇక్కడను, నాచారములోను పారిశ్రామిక వాడలు వచ్చినవి. 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఈ ప్రక్కనే ఏర్పడినవి. ఒక వైపు మౌలాలీ గుట్ట మీద దర్గా, మరియొక వైపు ఉప్పల్. నల్లగొండ, వరంగల్లు, మెదకు పల్లెల నుండి వచ్చినవారు, కోస్తావారు, తమిళులు, మలయాళీలు, ఇప్పుడైతే షెడ్లలో ఒడిశా, బీహారు, బెంగాల్ నుండి వచ్చిన పిల్లలు. మధ్యాహ్నము కర్మాగారపు గంట కొట్టిన తరువాత టిఫినులు తెరచిన చోట నిలుచుండి చూడండి. జొన్న రొట్టె, పచ్చి పులుసు, చింతపండు పులిహోర, ఆవ నూనెలో వేయించిన చేప, సత్తు పిండి ముద్ద, ఎండు రొయ్యల కూర. ఇన్ని వాసనలు ఒక్క రేకుల కప్పు క్రింద. అక్కడ ముక్కు మూసుకొనేవాడు అన్నమే తినలేడు.

అయితే సాయంకాలము ఇంటికి వచ్చిన తరువాత సంగతి వేరు. మన సంఘములో క్రొత్తగా పెండ్లియైన జంట ఒకటి అద్దె ఇల్లు వెదకుచు ఈ చుట్టుప్రక్కల చాలా గుమ్మములు ఎక్కినారు. ఉద్యోగమేమి, జీతమెంత అని అడుగక మునుపే, "మీరు ఏమి తింటారు?" అని అడిగినవారే ఎక్కువ. చివరకు ఒక ఇల్లు దొరికినది. ఎండు చేపలు వండిన దినమున ఆ పిల్ల కిటికీలన్నియు మూసి, అగరుబత్తి వెలిగించి వండుచున్నదట. ఆ మాట వినినప్పుడు మనకందరికి కోపము వచ్చినది. కోపము న్యాయమే. కాని మనలోనే గదులు అద్దెకిచ్చువారు లేరా? ఒడిశా పిల్లలు వండుకొను ఆవ నూనె వాసనకు మన ఇండ్లలో ఏమి మాటలు వినబడుచున్నవో మాకు తెలియును. పేర్లు చెప్పము.

భాషలో కూడా ఒక చిక్కు ఉన్నది. 2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయము వారు చేసిన సర్వే ప్రకారము, తెలంగాణలో 15 సంవత్సరములు పైబడినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసమో, చేపలో, గ్రుడ్లో తినువారే. రాజస్థానులో దీనికి భిన్నముగా నూటికి సుమారు 75 మంది శాకాహారులు. ఇంతమంది తిను తిండికి మనము పెట్టిన పేరు "నాన్-వెజ్", అనగా "కానిది". పిల్లవాడు పుట్టినప్పటి నుండి తిను అన్నమునకు "కానిది" అని పేరు పెట్టి, తరువాత వాడు సిగ్గుపడుచున్నాడని ఆశ్చర్యపడుట ఎందుకు?

సిగ్గు సంగతి వచ్చినది గనుక ఒక చిన్న మాట. బాప్తిస్మమిచ్చు యోహాను మిడతలు తిన్నాడని సండే స్కూలులో చెప్పినప్పుడు పిల్లలు "ఛీ" అంటారు. మన తాతమ్మలు తొలకరి వానకు దీపము చుట్టూ రాలిన ఉసిళ్లను పట్టి, వేయించి, ఉప్పు కారము చల్లి పెట్టలేదా? ఆ రుచి ఎరిగినవారు ఈ చాపల మీదనే ముగ్గురు నలుగురు ఉన్నారు, తలలు ఊపుచున్నారు. అయిదు వేల మందికి ప్రభువు పంచినది కూడా యవల రొట్టెలే, అనగా ఆ కాలపు పేదవాని రొట్టె. మన జొన్న రొట్టె వంటిది.

లేఖనములలో ఈ తగవు క్రొత్తది కాదు. రోమాలోని సంఘములో కూరగాయలు మాత్రమే తినువారు, అన్నియు తినువారు ఉండిరి. ఒకరిని ఒకరు చిన్నచూపు చూచుచుండిరి. పౌలు రోమా పత్రిక 14వ అధ్యాయమంతయు దీనికే వ్రాసినాడు. ఆయన ఇరుపక్షములకు వేర్వేరు దోషములు చూపినాడు, గమనించండి. తినువానికి తిననివానిని తృణీకరించు దోషము, తిననివానికి తినువానికి తీర్పు తీర్చు దోషము. కోత పండుగ నాడు మేము రెండును చేసినాము.

దానికంటె మాకు ఎక్కువగా గుచ్చుకొన్నది అంతియొకయలో జరిగిన సంగతి. యొప్పేలో మిద్దె మీద దర్శనము చూచి, కొర్నేలీ ఇంటికి పోయి, అన్యజనులతో కలిసి భోజనము చేసిన పేతురే, అంతియొకయకు యెరూషలేము నుండి కొందరు రాగానే బల్ల యొద్ద నుండి లేచి వేరుపడినాడు. పౌలు అందరి ఎదుట ఆయనను నిలదీసినాడని గలతీ పత్రికలో చదువుచున్నాము. పేతురునకు ఆ తిండి మీద అసహ్యము లేదు. ఎవరో చూచుచున్నారను భయము మాత్రమే. అతిథులు చూచుదురని టిఫిను మీద కాగితము కప్పినది కూడా ఆ భయమే.

ఇక ప్రసాదము ప్రశ్న. మన ఇండ్లలో ఇది ప్రతి సంవత్సరము వచ్చును. వినాయక చవితికి, బోనాలకు ఇరుగుపొరుగువారు గిన్నెతో వస్తారు. తీసుకొనవచ్చునా? కొరింథీ మొదటి పత్రిక 8, 10 అధ్యాయములు చదివి, మనలో కొందరు తీసుకొనవచ్చునంటారు, కొందరు కూడదంటారు. మా కమిటీలోనే ఇరుపక్షములవారు ఉన్నారు, దీని మీద మేము తీర్పు చెప్పుటలేదు. కాని ఒకటి మాత్రము తప్పు అని మాకు తోచుచున్నది. ఎదురుగా చిరునవ్వుతో తీసుకొని, తలుపు వేసుకొని చెత్తబుట్టలో వేయుట. వారి పిల్లవాడు మరునాడు చెత్త పారవేయ వచ్చి చూచినాడనుకొనండి. దానికంటె, "అక్కయ్యా, మా మనస్సాక్షికి ఇది ఒప్పదు, నీవు చేసిన పులిహోర అయితే పూజకు పెట్టకమునుపు తీసియుంచుము, కడుపునిండ తింటాను" అని నోటితో చెప్పుట మేలు. అట్లు చెప్పిన ఒక సహోదరి ఇంటికి ఇప్పుడు ప్రతి పండుగకు విడిగా తీసిన గిన్నె వచ్చుచున్నది.

మనము పంపు వాటి సంగతి ఎంతమంది ఆలోచించినాము? క్రిస్మసు కేకులో గ్రుడ్డు ఉన్నదని చెప్పకుండ పంపుట, నేతి అరిసెలు అని చెప్పి ఏ క్రొవ్వుతోనో చేసినవి పంపుట న్యాయము కాదు. జైనుల ఇంటికి ఉల్లి, ఆలుగడ్డ కలిసినవి పంపిన, వారు మర్యాదకు తీసుకొందురు గాని తినలేరు. ముస్లిము స్నేహితుని పిలిచిన దినమున హలాల్ మాంసము కొని, "హలాల్‌దే భాయ్" అని ముందుగనే చెప్పిన, ఆయన నిశ్చింతగా తినును. దీని మీద ఈ మధ్య మన యౌవనస్థులలో కొందరు వాదములు తెచ్చుచున్నారు. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. రంజాను నెలలో ఆ బట్టీల ముందు మన పిల్లలు వరుసలో నిలుచుండుట మేము చూచుచునే ఉన్నాము. అప్పుడు రాని వాదము అతిథిని పిలిచినప్పుడు ఎందుకు రావలెను?

క్రైస్తవులలోనే చూడండి. అడ్వెంటిస్టు సహోదరులు పంది మాంసము ముట్టరు, వారిలో చాలామంది శాకాహారులు. సిరియను సంప్రదాయపు కేరళ క్రైస్తవులు ఈస్టరుకు ముందు 50 దినముల ఉపవాసములో మాంసము విడిచిపెడతారు. కథోలిక సహోదరులు తపస్సు కాలపు శుక్రవారములు మాంసము మానుతారు. వీరందరు ఒకే ప్రభువును కొలుచువారే.

ఆరోగ్యము పేరు చెప్పి ఒకరినొకరు ఎత్తిపొడుచుట కూడా మానవలెను. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగముగా మొదలై, 1958లో హైదరాబాదునకు వచ్చినది. 2024లో వారు భారతీయులకు 17 ఆహార సూచనలు ప్రకటించినారు. అందులో పప్పులకు, పాలకు, గింజలకు స్థానమున్నది, గ్రుడ్లకు, చేపలకు, మాంసమునకును స్థానమున్నది. ఫలానిది తినువాడు అధికుడని అందులో లేదు.

తిండి కొరకు రక్తము చిందిన సంగతి కూడా మనకు దూరమైనది కాదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయములో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ చేసినప్పుడు ఘర్షణ జరిగి, ఒక విద్యార్థి కత్తిపోటుకు గురియైనాడు. మన వాకిలి నుండి ఆ ఆవరణ ఎంత దూరము? చట్టము సంగతి చట్టము చూచుకొనును. గోవధను నిషేధించు 1977 నాటి చట్టము ఇక్కడ అమలులో ఉన్నది, దానిని మీరుమని ఎవరును చెప్పుటలేదు. మన ఇండ్లలో పెద్దకూర అనునది ఎక్కువగా బర్రె, దున్న మాంసము. కాని ఆ పిల్లలు అడిగినది మాంసము మాత్రమే కాదు. హాస్టలులో ఇతరుల తిండి బల్ల మీద ఉండగా మా తిండి ఎందుకు దాచుకొని తినవలెనని అడిగినారు. మేము గ్యాసు బండ వెనుక పెట్టిన టిఫిను అదే ప్రశ్న అడుగుచున్నది.

దీనికి పూర్తిగా వేరొక మార్గము పట్టినవారు విజయవాడ నాస్తిక కేంద్రము స్థాపించిన గోరాగారు. 1972 ఆగస్టు 15న ఆయన గొడ్డు మాంసము, పంది మాంసము ఒకే చోట తిను కార్యక్రమము పెట్టినారు. హిందువు దీనిని, ముస్లిము దానిని తిని పట్టింపులు వదలుకొనవలెనని ఆయన ఉద్దేశము. ధైర్యమునకు మెచ్చవలసినదే. ఇష్టపడి వచ్చినవారికి అది విడుదల కావచ్చును. అయితే మా సహోదరికి ఆ పరీక్ష పెట్టుటకు మనమెవరము? ఆమె ఎవరిని తక్కువ చేయలేదు, వేరే గరిటె మాత్రము అడిగినది.

మన తెలుగు సంఘముల చరిత్రలో దోర్నకల్ బిషప్ అజరయ్యగారి మాట తలచుకొనక తప్పదు. తమిళ దేశము నుండి వచ్చి, 1912లో ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్ అయినారు. అంతకు రెండేండ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో మహాసభలో, మిషనరీల త్యాగమునకు కృతజ్ఞత చెప్పుచునే, మాకు కొరతగా ఉన్నది మీ స్నేహమని దొరల ముఖము మీదనే చెప్పినారు. పెట్టుట వేరు, ప్రక్కన కూర్చుండుట వేరు.

ఇప్పుడు చిక్కు ప్రశ్నకు వచ్చుచున్నాము. శతవార్షికోత్సవ విందులో మాంసము తిననివారికి వేరే గిన్నె, వేరే గరిటె పెట్టుదమని కమిటీలో అనుకొన్నప్పుడు, ఆ పెద్దాయనే లేచి, "రెండు గరిటెలంటే రెండు గ్లాసులే గద బిడ్డా?" అని అడిగినాడు. ఆయన చిన్ననాట ఊరి హోటలులో తన కొరకు చూరున పెట్టిన వేరే గ్లాసులో చాయ్ త్రాగినవాడు. త్రాగి, తానే కడిగి పెట్టినవాడు. ఆ ప్రశ్నకు మేము ఆ సాయంకాలము సమాధానము చెప్పలేకపోయినాము.

రెండు వారములు ఆలోచించినాము. మాకు తేలినది ఇంత. "ఇది నేను తినను" అనుట ఒకటి, "నీవు తిన్న పళ్లెము నేను ముట్టను, నీ ప్రక్కన కూర్చుండను" అనుట మరియొకటి. మొదటిది నోటి సంగతి, దానిని కాపాడవలెను. రెండవది మనిషి సంగతి, దానికి మన పంక్తిలో చోటు లేదు. గరిటె గిన్నెకు వేరుగా ఉండవచ్చును, పంక్తి వేరుగా ఉండరాదు. ఒకే చాప, ఒకే రకము విస్తర్లు, వడ్డించు చేతులు అవే. ఆ సహోదరిని అడిగినాము. "నాకు పప్పు గరిటె వేరైతే చాలు, తాతయ్య ప్రక్కననే కూర్చుంటాను" అన్నది. పెద్దాయన విని, "సూద్దాం" అన్నాడు. కమిటీలో ఒక పెద్ద ఇంకను ఒప్పుకొనలేదు. వేరు అన్న మాటయే ప్రమాదమని, నేడు గరిటె రేపు గది అవునని ఆయన భయము. ఆ భయము అర్థము లేనిది కాదు. అందుకే వడ్డన చూచు బాధ్యత ఆయనకే అప్పగించినాము, పంక్తి ఎక్కడైనను చీలిన వెంటనే ఆపు అధికారము ఆయనకున్నది.

పెద్దకూర విందులో ఉండవలెనా అని కూడా చర్చ జరిగినది, గట్టిగనే జరిగినది. ఉండునని నిశ్చయమైనది. దాని ఖర్చు తినువారి చందాల నుండి, బిల్లుతో సహా సరియైన దుకాణము నుండి కొనుట, మిగిలిన గిన్నెల వరుసలోనే పెట్టుట. ఏ గిన్నెలో ఏమున్నదో పలక మీద పెద్ద అక్షరములతో వ్రాయుట, చదువురానివారికి వడ్డించువారు నోటితో చెప్పుట. ఆ కూరకు ఉప్పు కారము చూచు పని పెద్దాయన భార్య తీసుకొన్నది. ముద్దపప్పు, పచ్చి పులుసు మన సహోదరి చేయించును. హలాల్ కోడి కూర ఒక గిన్నె, అతిథుల కొరకు.

తినువారు, తిననివారు, చక్కెర జబ్బువారు, ఉపవాసమువారు తమ తమ సంగతి రాబోవు ఆదివారము ఆరాధన తరువాత స్త్రీల మైత్రి కార్యదర్శిగారికి వ్రాయించవలెనని కోరుచున్నాము. గరిటెలు మాత్రము ఇప్పటికే కొన్నాము, పన్నెండు. ఈసారి చాలకపోవుట అనునది ఉండదు.